సింబల్స్ తగ్గించు

ఇల్లు, వంటింటి బల్ల దగ్గర
జూన్, ముసురు పట్టిన ఆదివారం

ఒరేయ్ తమ్ముడూ,

నువ్వు ఫోనెత్తవు. మెసేజ్ పెడితే బొటనవేలి బొమ్మ ఒకటి పంపి ఊరుకుంటావు. అందుకే కాగితం తీశాను. దీనికి బొటనవేలు పంపు చూద్దాం.

మన బేసు గిటారు మాస్టారు మానేశాడు. కూతురికి కవలలు పుట్టారట, ఒకణ్ణి ఎత్తుకోవడానికి ఈయన కావాలట. చలికాలంలో నువ్వు డ్రమ్స్ వదిలేసి ఆ ఊళ్ళో వాయిద్యాల షాపులో పనికి వెళ్ళిపోయావు, ఇప్పుడు ఆయన. నలుగురి బ్యాండులో మిగిలింది కీబోర్డు ముందు నేను, మైకు ముందు మీ బావ. మొన్న శనివారం ప్రోగ్రాం అవగానే హోటల్ మేనేజరు నన్ను పక్కకి పిలిచాడు. "మేడమ్, డ్రమ్స్ లేకుండా మీరిద్దరే వాయిస్తుంటే జనం పరామర్శకి వచ్చినట్టు తింటున్నారు. వానాకాలం అయ్యేదాకా చూస్తాను. అప్పటికీ నిండుగా వినిపించకపోతే రికార్డులు వేసేవాణ్ణెవణ్ణైనా పెట్టుకుంటాను" అన్నాడు. మర్యాదగానే అన్నాడు. అందుకే ఇంకా ఒళ్ళు మండింది.

వారమంతా నేను పిల్లలకి వేళ్ళు ఎక్కడ పెట్టాలో చెబుతూ, వాళ్ళు అక్కడ తప్ప మిగతా అన్నిచోట్లా పెడుతుంటే వింటూ గడుపుతానని నీకు తెలుసు. నేను నా కోసం వాయించుకునేది ఆ ఒక్క శనివారం సాయంత్రమే. అదీ పోతే నేను మనిషిలా ఉండను, ముందే చెబుతున్నా.

నీ మేనకోడలు తన పాత లాప్‌టాప్ నా ముందు పెట్టి, "డ్రమ్స్, బేసు రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో ముందే చేసి పెట్టుకుంటే దాంతోపాటు నువ్వు వాయించుకోవచ్చమ్మా. మామయ్యకి అది కొట్టిన పిండి కదా" అంది. తెరిచి చూశాను. విమానం నడిపేవాడి సీట్లో కూర్చోబెట్టినట్టుంది. ఒకటి నొక్కితే రంగురంగుల గీతలు వచ్చాయి, ఇంకోటి నొక్కితే అన్నీ మాయమయ్యాయి. భయమేసి మూసేశాను.

ఇంకో బాధ. పాట మధ్యలో పియానో నుంచి వయొలిన్లకి, అక్కణ్ణించి ఫ్లూటుకి మారాలంటే నేను ఒక చేత్తో బటన్లు వెతుక్కుంటూ రెండో చేత్తో వాయించాలి. నువ్వున్నప్పుడు ఆ కాస్త సేపూ డ్రమ్స్ మీద ఏదో ఒకటి గలగలలాడించి నా పరువు కాపాడేవాడివి. ఇప్పుడు ఆ సందులో ప్లేట్ల చప్పుడు వినబడుతోంది.

మనం ఎప్పుడూ వాయించే పాటలే. చేసి పంపు. మీ బావ మీద కోపం ఉంటే ఉండనీ. నేనేం చేశాన్రా నీకు?

అక్క


షాపు, వెనక గది
జూన్ నెలాఖరు

అక్కా,

పెన్‌డ్రైవ్ ఈ కవర్లోనే ఉంది, చించేటప్పుడు దాన్నీ చించకు. ఇక్కడ వెనక గదిలో సిగ్నల్ రాదు, కాబట్టి ఫోన్లు కుదరవు. వాయిస్ మెసేజ్‌లు కూడా వద్దు. ఏదున్నా రాసి పంపు. రాసేటప్పుడు నువ్వు తిట్టేముందు కొంచెమైనా ఆలోచిస్తావు.

డ్రమ్స్ ఇక్కడి ఎలక్ట్రానిక్ ప్యాడ్ల మీద కొట్టాను. మా ఓనరు మంచాయన, షాపు మూశాక వాడుకోమన్నాడు. బేసు కీబోర్డు మీద వాయించాను. అటూ ఇటూ జరిగిన దెబ్బల్ని స్క్రీన్ మీద ఒక్కొక్కటీ పట్టి గీత మీదకి లాగాను. ఇంత శుభ్రంగా నేను జన్మలో వాయించలేదు.

ఇప్పుడు బుద్ధిగా చదువు. ప్రతి పాటలోనూ కుడివైపు సంగీతం ఉంటుంది. ఎడమవైపు టిక్ టిక్ మనే లెక్క ఉంటుంది, ముందు నా గొంతుతో "ఒకటి, రెండు, మూడు, నాలుగు" అని కూడా. కుడివైపుది హాలు స్పీకర్లకి వెళ్ళాలి. ఎడమవైపుది నీ చెవిలో పెట్టుకునే ఇయర్‌ఫోన్‌లోకి మాత్రమే వెళ్ళాలి. దానికోసం రెండుగా చీలిన వైరు పంపుతున్నాను. అదే వాడు. మళ్ళీ రాస్తున్నా, అదే వాడు.

లాప్‌టాప్ నుంచి నీ కీబోర్డుకి ఇంకో వైరు. పాటలో ఎక్కడ ఫ్లూటు రావాలో, ఎక్కడ వయొలిన్లు రావాలో నేను సాఫ్ట్‌వేర్‌లో గుర్తు పెట్టాను. సమయానికి కీబోర్డు దానంతటదే గొంతు మార్చుకుంటుంది. నువ్వు బటన్ల జోలికి పోనక్కర్లేదు, రెండు చేతులా వాయించుకో.

ఒకటే షరతు, అది బావకి. ఆయన ఏదో ఒక లైను పట్టుకుని కళ్ళు మూసుకున్నాడంటే మళ్ళీ ఎప్పుడు తెరుస్తాడో ఎవరికీ తెలీదు. మనమైతే ఆగేవాళ్ళం. కంప్యూటర్‌కి కళ్ళూ లేవు, మొహమాటమూ లేదు. అది దాని దారిన పోతుంది. బావని లెక్కలో ఉండమను.

తమ్ముడు


ఇల్లు
జూలై, ఆదివారం పొద్దున

ఏమయ్యా సాఫ్ట్‌వేర్ మహానుభావా,

నిన్న జరిగింది చెబుతాను, కూర్చుని చదువు.

నువ్వు పంపిన చీలిన వైరు మీ బావ తీసుకెళ్ళి, తన పాత రికార్డింగులు వినడానికి టీవీ వెనకాల గుచ్చుకున్నాడు. నేను చూసుకోలేదు. సంచీలో ఏదో వైరుంటే అదే పెట్టాను. కుడి, ఎడమ రెండూ కలిసి హాల్లోకి పోయాయి. అందరూ భోజనాలకి కూర్చున్నారు, లైట్లు తగ్గించారు, మీ బావ మైకు పట్టుకుని గంభీరంగా తలెత్తాడు. స్పీకర్లలోంచి నీ గొంతు, "ఒకటి! రెండు! మూడు! నాలుగు!" అని డ్రిల్లు మాస్టారులా అరిచింది. ఒకాయన చేతిలో చెంచా జారిపోయింది. తర్వాత పాటంతా టిక్ టిక్ టిక్. ఎవరో గోడకి మేకులు కొడుతున్నారనుకుని వెయిటరు పక్కగదికి వెళ్ళి చూసొచ్చాడు.

సర్దుకుని, ఆ ఎడమ గొడవని ఆపేసి, లెక్క లేకుండానే రెండో పాట మొదలుపెట్టాం. ముందు టేబుల్ దగ్గర ఒకావిడ చప్పట్లు కొట్టింది. ఇక మీ బావకి పూనకం. ఆ లైను మళ్ళీ, మళ్ళీ. నీ డ్రమ్స్ మాత్రం చరణంలోకి వెళ్ళిపోయాయి. నేను మీ బావ వెంట పోవాలా, నీ వెంట పోవాలా అని చూస్తుంటే నా చేతికింద పియానో కాస్తా ఫ్లూటైపోయింది. మీ బావ విరహంలో ఉంటే నేను పిల్లనగ్రోవితో గంతులేస్తున్నాను. నా తల ప్రాణం తోకకొచ్చింది.

వైరు తప్పు మాది, ఒప్పుకుంటాను. కానీ ఆ సింబల్స్ ఏంట్రా? ఆ ఇత్తడి పళ్ళేలని పాట మొదటి నుంచి చివరిదాకా చెవిలో పెట్టి గీకుతున్నట్టుంది. ఒక పెద్దాయన టిష్యూ కాగితం ఉండచుట్టి చెవుల్లో పెట్టుకుని భోంచేశాడు, నా కళ్ళారా చూశాను. అవి తగ్గించు. అన్నిటికన్నా ముందు అవి తగ్గించు.

అక్క


షాపు, వెనక గది
జూలై

అక్కా,

నెత్తీ నోరూ బాదుకుని రెండుసార్లు రాశాను, అదే వైరు వాడమని. టీవీ వెనకాలా? బావ తన పాట తానే వినడానికా? ఇంకొకటి పంపుతున్నాను. దాన్ని తలగడ కింద పెట్టుకుని పడుకో.

బావ సంగతి ఆలోచించి ఒక ఉపాయం చేశాను. ప్రతి పాటలోనూ ఆయన వదలని లైను ఏదో మనకి తెలుసు కదా. అక్కడ సంగీతం అదే ముక్క మీద గుండ్రంగా తిరుగుతూనే ఉంటుంది. ఆయన కళ్ళు తెరిచాక నువ్వు కాలితో పెడల్ నొక్కు. అప్పుడే ముందుకి కదులుతుంది, కీబోర్డు గొంతు కూడా అప్పుడే మారుతుంది. ఇక్కడ కస్టమర్లకి చూపించాను, నోరు తెరిచారు.

సింబల్స్ తగ్గించాను. నిజానికి నాకైతే సరిగ్గానే ఉన్నాయి. మీ హాలు స్పీకర్లు గరగరలాడే రకమేమో చూసుకో. ఎక్కడ ఎక్కువ అనిపిస్తోందో, ఏ పాటలో ఎన్నో లైను దగ్గరో, గీకినట్టుందా, కొట్టినట్టుందా, కాస్త వివరంగా రాయి. "తగ్గించు" అంటే నాకేం తెలుస్తుంది?

తమ్ముడు


ఇల్లు
ఆగస్టు

ఒరేయ్,

పెడల్ బ్రహ్మాండం. అదే ఇప్పుడు నా ప్రాణానికొచ్చింది. నువ్వు గుండ్రంగా తిరిగే ఏర్పాటు చేశావని తెలిశాక మీ బావ కళ్ళు తెరవడమే మానేశాడు. తిరుగుతున్నాడు, తిరుగుతున్నాడు, జనం భోజనాలు ముగించి చేతులు కడుక్కొచ్చినా అదే లైనులో ఉన్నాడు. నేను పెడల్ నొక్కేస్తే ఇంటికొచ్చి అలుగుతాడు. "నా భావం నీ కాలికింద నలిగిపోయింది" అన్నాడు. ఏం చెప్పను?

అది నేను పడతాను, నా కర్మ. కానీ సింబల్స్ తగ్గించమంటే పెంచుతావేంట్రా? మొదటిసారి కంటే ఘోరం. నా చెవిలో లెక్క కూడా వడ్రంగిపిట్ట పొడిచినట్టుంది, ప్రోగ్రాం అయ్యేసరికి ఆ చెవి మొద్దుబారిపోయింది. ఏ పాట అంటావు? అన్ని పాటలూ. ఏ లైనంటావు? అన్ని లైన్లూ. చెవుడొచ్చిందా నీకు?

మీ బావ ఏమంటున్నాడో చెప్పనా? కావాలనే చేస్తున్నావట. చలికాలంలో ఆ పెళ్ళి రిసెప్షన్‌లో ఆయన మైకులో "ఆ పళ్ళేల మోత కాస్త ఆపవయ్యా, నా పాట నాకే వినబడట్లేదు" అన్నాడు, జనం నవ్వారు. ఆ మర్నాడే నువ్వు పెట్టె సర్దుకుని వెళ్ళావు. ఇప్పుడు ఆ మోతతోనే ఆయన గొంతుని ముంచేసి కసి తీర్చుకుంటున్నావట. "వాడట్లాంటివాడు కాదు" అని నేను పోట్లాడాను. నిన్న రాత్రి ఆ పాటలు విన్నాక నాకూ అనుమానమొచ్చింది.

ఇంకో సంగతి. మీ షాపుకి ఫోన్ చేశాను. మీ ఓనరు ఎత్తి, "వెనక గదిలో సిగ్నల్ బ్రహ్మాండంగా ఉంటుందమ్మా, నేను అక్కడే కూర్చుని మాట్లాడుతున్నాను" అన్నాడు. నాతో మాట్లాడ్డం ఇష్టం లేకపోతే లేదని చెప్పు. అబద్ధాలెందుకు?

నెలాఖరుకి హోటల్లో ఒక పెద్ద రిటైర్‌మెంట్ పార్టీ ఉంది. మేనేజరు అది చూసి తేల్చేస్తానన్నాడు. అంటే ఆ రోజుతో నా శనివారాలు ఉంటాయో, ఊడతాయో. కోపముంటే నా మొహం మీద తిట్టు. పాటల్లో కలిపి పంపకు.

అక్క


షాపు
ఆగస్టు

అక్కగారికి,

మీ ఉత్తరం అందింది. నాకు ఎవరి మీదా కసి లేదు. బావగారి గొంతుని ముంచాల్సిన అవసరం నాకు లేదు. నాకు చేతనైనంతలో చేశాను. పనికిరాకపోతే ఇంకెవరితోనైనా చేయించుకోండి, సాఫ్ట్‌వేర్ తెలిసినవాళ్ళు వీధికొకరున్నారు. పాటల ఫైళ్ళన్నీ విడివిడిగా ఈ పెన్‌డ్రైవ్‌లో పెట్టాను. ఎవరైనా తెరుచుకోవచ్చు.

ఇక నాకు ఏమీ రాయనక్కర్లేదు.

తమ్ముడు


హోటల్ హాలు, స్టేజి వెనక బల్ల
ఆగస్టు, పార్టీకి ముందు వారం

తమ్ముడూ,

"అక్కగారికి" అట, "మీ ఉత్తరం" అట. నీ దుంప తెగ, నీకు ముక్కు తుడిచిన చేతులివి. చదివి ముందు నవ్వొచ్చింది, తర్వాత ఏడుపొచ్చింది.

నువ్వు వద్దన్నా రాస్తున్నాను. ఇది పూర్తిగా చదువు.

పొద్దున హాలుకొచ్చి, ఇక్కడ మైకులు, స్పీకర్లు చూసుకునే సౌండాయనకి నీ పెన్‌డ్రైవ్ ఇచ్చాను. తెరిచాడు. డ్రమ్స్ దెబ్బలు, బేసు, నా కీబోర్డు మారే గుర్తులు అన్నీ చూసి, "ఎవరండీ చేసింది, వెంట్రుకవాసి తేడా లేదు" అన్నాడు. నాకు గర్వమేసింది, నీ మీద మంటలో ఉండి కూడా. తర్వాత సింబల్స్ దగ్గరికొచ్చి ఆగిపోయాడు. పాట పాటకీ సన్నటి, కీచుమనే శబ్దాలున్న వైపంతా పైకి ఎత్తేసి ఉందట. నువ్వు తగ్గించానన్న పాటల్లో సింబల్స్ మొత్తం కిందకి దించి, మళ్ళీ ఆ సన్నటి వైపు అంతకి రెట్టింపు ఎత్తావట. "చెవుల్లో దూది పెట్టుకుని చేశాడా ఏంటండీ?" అని నవ్వాడు. నేనూ నవ్వాను.

నవ్వుతూ నవ్వుతూ ఆగిపోయాను.

నువ్వు మా ఇంట్లో ఉన్నప్పుడు కాలింగ్ బెల్లు మోగితే ఎప్పుడూ నేనే ఎందుకు లేచేదాన్నో గుర్తొచ్చింది. నీకు బద్ధకమనుకునేదాన్ని. నీ మేనకోడలు సన్నటి గొంతుతో ఏదైనా అంటే నువ్వు నవ్వి తలూపేవాడివి, అది ప్రశ్న అడిగినా తలే ఊపేవాడివి. వెనకనుంచి పిలిస్తే పలకవు. ఫోనెత్తవు. వాయిస్ మెసేజ్ వద్దంటావు. ఎక్కడ ఎక్కువుందో వివరంగా రాయమని నన్నడుగుతావు. చివరికి నేను "చెవుడొచ్చిందా" అన్నందుకు అక్కగారినైపోయాను.

ఒరేయ్, నిజం చెప్పు. నీకు వినబడట్లేదా?

అక్క


నా గది
ఆదివారం

అక్కా,

బొత్తిగా వినబడకపోవడం కాదు. నీ అంత గట్టిగా తిడితే బాగానే వినబడుతుంది.

పోయిన ఏడాది మొదలైంది. ముందు పిట్టలు పోయాయి. చెట్టు మీద ముక్కు తెరిచి మూస్తూ కనబడేవి, శబ్దం ఉండేది కాదు. తర్వాత బెల్లు. తర్వాత మాటల అంచులు పోయాయి. మనిషి గొంతు వినబడుతుంది, ఏమన్నాడో తెలీదు, గోడవతల మాట్లాడుతున్నట్టుంటుంది. ఎదురుగా ఉంటే పెదాలు చూసి లాక్కొస్తాను. ఫోన్లో పెదాలుండవు కదా, అందుకే ఎత్తను. నీ మీద కోపం కాదు.

రిసెప్షన్‌లో బావ అన్నది నిజమే. నేను బాదుతున్నానని నాకు తెలీదు. నాకు సింబల్ వినబడట్లేదు, వినబడేదాకా కొట్టాను. జనం నవ్వేసరికి తలెత్తి చూశాను, నీ మొహం చూస్తే అర్థమైంది. బావ మీద కోపంతో వెళ్ళిపోయానని మీరందరూ అనుకున్నారు. అలా అనుకుంటేనే నాకు బావుండింది. కోపిష్టి డ్రమ్మరు అంటే ఒక పద్ధతిగా ఉంటుంది. చెవిటి డ్రమ్మరు అంటే జోకు.

ఇక్కడికొచ్చాక చెవుల డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. చిన్న గదిలో కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్ తగిలించి, చేతికో బటన్ ఇచ్చింది. శబ్దం వచ్చినప్పుడల్లా నొక్కమంది. మొదట్లో నొక్కుతూ పోయాను. తర్వాత ఆపేసింది. ఏదో రాసుకుంటోందిలే అనుకుని బటన్ మీద వేలుంచి ఎదురుచూస్తూ కూర్చున్నాను. చాలాసేపయ్యాక తలుపు తీసి "అయిపోయిందండీ" అంది. ఆమె ఆపలేదట అక్కా. నేను ఎదురుచూస్తున్నంతసేపూ శబ్దాలు వస్తూనే ఉన్నాయట.

చెవి మిషన్లు పెట్టుకుంటే మాటలు చాలావరకు తెలుస్తాయంది. పెట్టుకోలేదు. వాయిద్యాల షాపులో మిషన్ పెట్టుకున్నవాడు కీబోర్డు అమ్మితే ఎవడు కొంటాడు? అది నేను నాకు చెప్పుకునే సాకు. భయం అసలు సంగతి. పెట్టుకుంటే ఇక డ్రమ్మరుని కాననే.

నీ ఉత్తరం వచ్చినప్పుడు ఎంత సంబరపడ్డానో తెలుసా? సాఫ్ట్‌వేర్‌లో శబ్దం కంటికి కనబడుతుంది. ప్రతి దెబ్బా గీతలా నిలబడి ఉంటుంది. దాన్ని పట్టుకుని సరిచేయడానికి చెవులక్కర్లేదు. ఇక్కడైతే నన్నెవరూ పట్టుకోలేరనుకున్నాను. సింబల్స్ మాత్రం, పాత రోజుల్లో ఎలా మోగేవో నాకు బాగా గుర్తుంది. అలా వినబడేదాకా ఎత్తాను. అంతే నేను చేసింది.

ఇవన్నీ సౌండాయనకి ఇచ్చెయ్. ఆయన సరిచేస్తాడు. బావకి మాత్రం చెప్పకు, నీకు దణ్ణం పెడతాను.

తమ్ముడు


ఇల్లు
సెప్టెంబరు, పార్టీ మర్నాడు

ఒరేయ్ తెలివితక్కువ సన్నాసీ,

బుద్ధుందా నీకు? ఏడాదిపాటు పిట్టలు వినబడకపోతే, అక్కంటూ ఒకత్తిని ఉన్నానని గుర్తు రాలేదా? జోకట! ఎవడు నవ్వుతాడో నవ్వనీ, వాడి పళ్ళు నేను రాలగొడతాను. నీ ఉత్తరం చదివి గిన్నెలు తోమాను, తోమిన గిన్నెలే మళ్ళీ తోమాను. ఆ డాక్టరమ్మ గదిలో నువ్వు బటన్ పట్టుకుని కూర్చోవడం కళ్ళముందునుంచి పోవట్లేదు.

మీ బావకి చెప్పొద్దన్నావు. నేను చెప్పలేదు. నా వెనకాల నిలబడి మొత్తం చదివేశాడు. ఈ ఇంట్లో రహస్యాలు దాచుకునేంత స్థలం లేదు. వెళ్ళి వరండాలో కూర్చున్నాడు. పాడలేదు కూడా, అదీ మీ బావ! కాఫీ తీసుకెళ్తే, "అందరిముందూ మైకులో అన్నానే" అని ఒక్కమాటన్నాడు.

ఇక పార్టీ. సౌండాయన సింబల్స్ దించాడు. కిందకి వచ్చాక తెలిసింది నువ్వెంత బాగా కొట్టావో. నా చెవిలో నీ లెక్క, చేతికింద కీబోర్డు సమయానికి గొంతు మార్చుకుంటోంది, నేను రెండు చేతులా వాయిస్తున్నాను. నలుగురున్నప్పుడు కూడా మనం ఇంత నిండుగా లేము. మేనేజరు తలాడిస్తూ కనబడ్డాడు. అప్పుడు రిటైరైన పెద్దమనిషి భార్య లేచొచ్చి, తమకిష్టమైన పాట అడిగింది. మీ బావ కళ్ళు మూసుకున్నాడు. గుండ్రం మొదలైంది. నేను కీబోర్డు చూసుకోవాలా, పెడల్ చూసుకోవాలా, లాప్‌టాప్ చూసుకోవాలా, ఈయన మొహం చూసుకోవాలా? ఆయన ఊపిరి తీసుకున్నాడు, నేను అయిపోయిందనుకుని నొక్కేశాను. పాట ఘనంగా ముగిసిపోయింది. డ్రమ్స్, బేసు, వయొలిన్లు అన్నీ కలిసి ముగింపు కొట్టి ఆగిపోయాయి, మీ బావ నోరు తెరుచుకుని నడి లైనులో ఒంటరిగా నిలబడ్డాడు. జనం విరగబడి నవ్వారు. నేను భూమిలోకి దిగిపోయాను.

మేనేజరు ఏమన్నాడో యథాతథంగా రాస్తున్నాను. "మేడమ్, సంగీతం బావుంది, సీజనంతా మీకే ఇస్తాను. కానీ ఆయనకీ ఆ మిషన్‌కీ పడట్లేదు. దాని దగ్గర ఒక మనిషిని కూర్చోబెట్టండి. మనిషి లేకపోతే వద్దు." రెండు వారాల్లో చూపించమన్నాడు. సౌండాయన తనకి తెలిసినతన్ని పంపిస్తానన్నాడు. మీ బావ నాకంటే ముందే "అక్కర్లేదు, మాకు మనిషున్నాడు" అన్నాడు.

జాలిపడి పిలుస్తున్నాననుకోకు, జాలిపడేంత తీరిక నాకు లేదు. ఇన్నేళ్ళూ నువ్వు మీ బావ పాట విని కొట్టావా? ఆయన కుడి భుజం చూసి కొట్టావు. లైను ఆపబోయేముందు ఆ భుజం కిందకి దిగుతుందని, ఊరికే ఊపిరి తీసుకుంటే పైకి లేస్తుందని నువ్వే నాకు చెప్పావు, నేను నిన్న మర్చిపోయాను. ఆ పెడల్ నీ చేతికిస్తాను. పాటలు నువ్వే చెయ్యి, నువ్వే నడుపు. సింబల్స్ జోలికి మాత్రం వెళ్ళకు. అది సౌండాయన పని, ఆ ఒక్క మీటకి నువ్వు దూరం. తిట్టుకో, ఏడువు, ఏమైనా చేసుకో, అది మాత్రం ముట్టుకోనివ్వను.

వచ్చేముందు ఆ చెవి మిషన్లకి కొలతలు ఇచ్చిరా. సాకులు చెప్పావంటే నేనే బస్సెక్కి వస్తాను.

అక్క

కింద మీ బావ ఏదో రాస్తానంటున్నాడు, ఇస్తున్నాను.

బావమరిదీ, ఆ రోజు పక్కకి పిలిచి చెప్పాల్సిన మాట మైకులో అన్నాను. తప్పే. నీ అక్క పెడల్ తొక్కితే నా బతుకు నడిరోడ్డున పడుతోంది, నువ్వు తొందరగా రా. నా పాట నీకు సగమే వినబడుతుందంటే అది నీ అదృష్టమని మీ అక్క అంటోంది. నేను కోప్పడలేదు, చూశావా?


నా గది
బుధవారం

అక్కా,

నీ ఉత్తరం వచ్చిన రోజు బయటికి కదల్లేదు. రాను అని రాశాను, చించేశాను. మర్నాడు కొలతలిచ్చొచ్చాను. చెవుల్లో మైనంలాంటిది పోసి గట్టిపడేదాకా కదలకుండా కూర్చోమన్నారు. ఆ కాసేపూ ఏమీ వినబడలేదు, అసలేమీ. చాలా భయమేసింది. అది తీసేశాక ఫ్యాను తిరిగే చప్పుడుకే ఏడుపొచ్చింది. మిషన్లు రావడానికి టైము పడుతుంది. అందాకా ఉన్న చెవులతోనే వస్తాను.

ఓనరుతో చెప్పాను. "నువ్వు తలూపుతుంటే వినయం అనుకున్నానయ్యా" అన్నాడు. వారంలో నాలుగు రోజులు ఇక్కడ, మిగతావి అక్కడ. ఒప్పుకున్నాడు.

సింబల్స్ సంగతి నువ్వన్నట్టే కానీ. ఒప్పుకోవడం కష్టంగానే ఉంది, తెలుసుకో. నేను డ్రమ్మరుని, సింబల్ ఎంత మోగాలో ఇంకొకడు చెబితే వినాలి. ఒళ్ళు మండుతోంది. అయినా సరే. బావ భుజం మాత్రం నాది, దాని మీద సౌండాయనకి హక్కు లేదు.

శుక్రవారం సాయంత్రం బస్సు దిగుతాను. మీరిద్దరూ స్టాండుకి వస్తారని తెలుసు, వద్దన్నా వస్తారు. దూరంనుంచి కేకలెయ్యకండి. బావకి ముఖ్యంగా చెప్పు, చెవి దగ్గర నోరు పెట్టి అరవొద్దని. అందరూ అదే చేస్తారు, అరిస్తే మాట ఇంకా చెదిరిపోతుంది. నా ఎదురుగా, వెలుతురున్న వైపు నిలబడి, మామూలుగా మాట్లాడండి. అర్థం కాకపోతే తలూపను, ఈసారి అడుగుతాను.

నువ్వు తిట్టాలనుకున్నవి మాత్రం దాచుకోకు. అవి నీ మొహం చూస్తేనే నాకు వినబడిపోతాయి.

తమ్ముడు